మెట్ల దగ్గర ఇంగ్లీషు

నందకుడికి ఇంగ్లీషు రాదని ఎవరూ అనలేరు. విహారం వాకిలి ఊడుస్తున్నంతసేపూ అతని పెదవులు కదులుతూనే ఉండేవి. చీపురు ఒక్కో విసురుకీ ఒక్కో మాట. గెటప్, సిట్ డౌన్, కమిన్, లుక్ ఆఫ్టర్. మన భాషలో పని చెప్పే మాట ఆఖర్న తీరిగ్గా వచ్చి కూర్చుంటుంది. ఆ భాషలో మాత్రం మనిషి వెనకే పరుగెత్తుకొస్తుంది, పైగా దాని తోకకి ఇంకో చిన్న మాట. ఆ తోకమాటలంటే అతనికి ప్రాణం. జీడిమామిడి పూత వాసనలో వాటిని వల్లిస్తుంటే, సముద్రానికి అవతలున్న ఊళ్లన్నీ తనని పేరు పెట్టి పిలుస్తున్నట్టుండేది.

చిక్కల్లా మనుషులు ఎదురైనప్పుడే.

కొండ మీది ఆ చిన్న బౌద్ధ విహారానికి దూరదేశాల వాళ్లు వస్తుంటారు. మెట్ల దగ్గరే వాళ్లని పలకరించి, చెప్పులు విప్పించి, కాళ్లకి నీళ్లిచ్చి లోపలికి తీసుకెళ్లడం అక్కడి ఆనవాయితీ. ఇన్నాళ్లూ ఆ పని గురువుగారిదే. ఆయన్ని అందరూ భంతే అంటారు. వచ్చే వానాకాలం భంతే వేరే విహారంలో ఉండాలి. అప్పుడు మెట్ల దగ్గర నిలబడాల్సింది నందకుడే.

ఆ ఉదయం అతన్ని ఒక్కణ్ణే నిలబెట్టి చూశారు. ఒక విదేశీ జంట వచ్చింది. 'షూస్' ముందా, 'ఆఫ్' ముందా అని నందకుడు లోపల్లోపల పేర్చుకుంటూ ఉండగానే, వాళ్లు ఎర్రమట్టి బూట్లతో బుద్ధుడి ముందు దాకా వెళ్లిపోయారు. సంగతి తెలిశాక పాపం ఆ అమ్మాయి సిగ్గుతో ఏడ్చినంత పని చేసింది.

మధ్యాహ్నం నందకుడు భంతే ఎదుట కూర్చున్నాడు.

"నన్ను వంటింట్లోకి పంపెయ్యండి భంతే. మెట్ల దగ్గరికి ఇంకెవర్నైనా చూసుకోండి."

"పప్పు ముందా ఉప్పు ముందా అని ఆలోచిస్తూ కూర మాడ్చేస్తావు నాయనా."

నందకుడు నవ్వలేదు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"సరేలే. సాయంత్రం నా పక్కన నిలబడు," అన్నారు భంతే. "మాట్లాడేది నేనే. నువ్వు ఊరికే నీళ్ల చెంబు పట్టుకో."

అతని గుండె తేలికపడింది. భంతే ఇంగ్లీషు వింటుంటే ఏటి ఒడ్డున కూర్చున్నట్టుంటుంది. శ్రీలంకలో ఏళ్ల తరబడి ఆ భాషలో పాఠాలు చెప్పినాయన. నందకుడికి నేర్పిందీ ఆయనే.

ఎండ వాలుతుండగా ఒక ముసలావిడ ఒక్కర్తే మెట్లెక్కి వచ్చింది. వియత్నాం నుంచి.

భంతే చేతులు జోడించి, "మదర్, యువర్ షూస్ ఆఫ్ ప్లీజ్ యు టేకింగ్," అన్నారు.

నందకుడు ఉలిక్కిపడ్డాడు. ఆవిడ అర్థంకాక చూసింది.

"దెన్ లెగ్స్ వాటర్ పోరింగ్, ఇన్ యు కమ్," అన్నారు భంతే, ఇంకా గంభీరంగా.

నందకుడి చెవులు ఎర్రబడ్డాయి. భంతేకి ఒంట్లో బాగాలేదా? ఎండదెబ్బ గానీ తగిలిందా? ఇంతటి మనిషి గురించి ఈవిడ ఏమనుకుని వెళ్తుంది? చెంబు గట్టు మీద పెట్టేసి గబగబా ముందుకొచ్చాడు.

"టేక్ ఆఫ్ యువర్ షూస్, మదర్. వాష్ యువర్ ఫీట్. కమిన్. సిట్ డౌన్. డోంట్ మైండ్ హిమ్, హి ఈజ్ ఓల్డ్."

ముసలావిడ పకపకా నవ్వింది. బూట్లు విప్పుతూ నందకుడి వైపు వేలు చూపించి, "యు టీచర్?" అంది. భంతే వైపు తిప్పి, "హి స్టూడెంట్?"

"యెస్," అన్నారు భంతే బుద్ధిగా.

స్తూపం చూపించడానికి నందకుడే ఆవిడని పైకి తీసుకెళ్లాడు. ఆవిడ మాటలూ అడ్డదిడ్డమే. సగం నోటితో, సగం చేతులతో మాట్లాడుకున్నారు. దారిలో ఆవిడ జీడిమామిడి కొమ్మ వంచి, పూత వాసన చూసి, "మై హోమ్, సేమ్," అంది. అలా అని చాలాసేపు కొమ్మ వదల్లేదు. నందకుడికి ఆవిడ ఇల్లు కనిపించినట్టే అయింది.

ఆవిడ్ని సాగనంపి వచ్చేసరికి భంతే అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"మీకు నిజంగానే ఏదో అయిందని భయపడ్డాను భంతే."

"అవును. ముసలాణ్ణయిపోయాను. నువ్వే చెప్పావుగా."

నందకుడు తలొంచుకున్నాడు. ఇంతలో మెట్ల కింద ఎవరివో కొత్త గొంతులు వినిపించాయి. భంతే లేవబోయి, మళ్లీ కూర్చున్నారు.

"ఈసారి కూడా నన్నే తప్పుల ఇంగ్లీషు మాట్లాడమంటావా, నువ్వు మాట్లాడతావా?"

నందకుడు చెంబు నింపుకుని మెట్ల వైపు నడిచాడు.