కాకుల కొర్లమ్మ, సంద్రపు పందులు

ఊఁ కొడతామంటేనే చెబుతాను. కొడతారా? సరే, అయితే వినండి.

ఇదిగో, ఇప్పుడు అల వచ్చి విరుగుతున్న ఈ చోట ఒకప్పుడు ఇళ్ళుండేవి. సముద్రం ఇంకా అంత దూరాన ఉన్న కాలం అది. ఎన్నేళ్ళయిందని అడక్కండి. మా అవ్వను అడిగితే ఆవిడ వాళ్ళ అవ్వను అడగమంది. ఆ కాలంలో మా పేటలో కొర్లమ్మ అని ఒక మనిషి ఉండేది. మొగుడు సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. తెప్ప లేదు, వల లేదు. ఊళ్ళోవాళ్ళు ఇసుకలో ఎండబెట్టుకున్న చేపల దగ్గర కూర్చుని కాకులు తోలడం ఆవిడ పని. పొద్దుగూకితే గుప్పెడు ఎండుచేపలు చేతిలో పెట్టేవారు. అందుకే అందరూ కాకుల కొర్లమ్మ అనేవారు.

కాకులు తోలే మనిషికి చెయ్యాడుతుంది గాని కళ్ళకు పనేముంటుంది? కొర్లమ్మ కళ్ళు ఎప్పుడూ సముద్రం మీదే. అక్కడ సంద్రపు పందులు తిరిగేవి. మీరు డాల్ఫిన్లు అంటారే, అవే. వాటిని ఎవరు చూడలేదు గనక! వల చింపుతాయని తిట్టారు, ఎగిరితే పిల్లలకు చూపించారు, అంతే. కూర్చుని చూసింది మాత్రం కొర్లమ్మ ఒక్కతే.

వీపు మీది రెక్కను, ఒంటి మీది గుర్తులను బట్టి ఒక్కోదాన్ని గుర్తుపట్టింది. రెక్కకు గంటు పడినది గంటురెక్క. ఒంటి మీద తెల్లచార ఉన్నది తెల్లచార. ఇంకోదాని రెక్క పక్కకు ఒరిగి ఉంటే దాన్ని వంకరది అంది. పాత వల నుంచి ఒక తాడు పోగు లాక్కుని, వాటిలో ఏదైనా పైకి లేచినప్పుడల్లా ఒక ముడి వేసేది.

మొదటి ఏడు అవి తినడం చూసింది. తినేటప్పుడు చెల్లాచెదురుగా ఉరుకుతాయి, తోకలతో నీళ్ళు బాదుతాయి. చూసింది, ముడి వేసింది, ఊరుకుంది.

రెండో ఏడు అవి నిద్రపోవడం చూసింది. అన్నీ దగ్గరికి చేరి, మెల్లగా కలిసి లేచి కలిసి మునుగుతాయి. చూసింది, ముడి వేసింది, ఊరుకుంది.

మూడో ఏడు గంటురెక్క ఈనింది. చుట్టూ మిగతావి కాపు కాశాయి. నీళ్ళు ఎర్రబడ్డాయి. పుట్టిన పిల్లకు ఈత చాలక మునిగిపోతుంటే, తల్లి కిందికి దూరి మూతితో పైకెత్తింది. ఒకసారి ఎత్తింది. రెండోసారి ఎత్తింది. మూడోసారి ఎత్తేసరికి ఆ పిల్ల నెత్తిమీంచి బుస్సుమని ఊపిరి వదిలింది. కొర్లమ్మ చేతిలో కర్ర జారి పడిపోయింది. కాకులు వచ్చి చేపలన్నీ ఎత్తుకుపోతున్నా ఆవిడకు తెలియలేదు. చూసింది. ముడి వెయ్యలేదు. ఊరుకోనూ లేదు. పేటలోకి పరిగెత్తింది.

"ఓలమ్మోలమ్మ! అయ్యి సేపలు కావర్రా! మనలాగే గాలి పీలుస్తన్నాయి! మన వల్లో పడి సచ్చినవన్నీ ఊపిరాడక మునిగి సచ్చినాయర్రా!"

పేటంతా పొట్ట పట్టుకుని నవ్వింది. కులపెద్ద ఎల్లాజీకైతే తాగుతున్న గంజి ముక్కుల్లోకి పోయింది.

"సంద్రంలో పుట్టింది సంద్రంలో మునిగి సావడమేటే? రేపు కాకి గాల్లో ఊపిరాడక సచ్చిందంటావా?" అన్నాడు.

ఆ పూట కొర్లమ్మకు ఎండుచేపలు కూడా పెట్టలేదు.

తర్వాత కొన్నేళ్ళకు పాడుకాలం వచ్చింది. గాలి తిరగలేదు, వేట పడలేదు. మూడు వారాలు పొయ్యిలు సరిగా వెలగలేదు. పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి, ఏడవడం మానేశారు. అలాంటప్పుడు ఒకరోజు పొద్దున్నే సంద్రపు పందులు ఒడ్డుకు బాగా దగ్గరగా, గుండ్రంగా గుమిగూడి కనిపించాయి.

అవి గుమిగూడితే కింద చేపలున్నట్టే. మా పేటలో అందరూ అంతే అనుకునేవారు. ఎల్లాజీ పెద్దవల తియ్యమన్నాడు. పెద్దవల పేట మొత్తానికి ఒకటే ఉండేది. దాన్ని నావ మీద తీసుకెళ్ళి సముద్రంలో చుట్టుతిప్పి దించుతారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఊరంతా పట్టుకుని లాగుతారు.

కొర్లమ్మ ఎల్లాజీకి అడ్డం నిలబడింది.

"అన్నియ్యా, దండం ఎడతాను, వల దించొద్దు. తోకలు బాదడం నేదు, సూడు. గంటురెక్క మళ్ళీ ఈనతంది. మిగతావి కాపు కాస్తన్నాయి. అక్కడ ఒక్క సేప కూడా నేదు."

"పిల్లలు ఆకలికి సస్తంటే నీ పందికి పురుడు పొయ్యమంటావేటే? తప్పుకో!"

ఎల్లాజీ చెడ్డవాడని చెప్పను. అతని మనవరాలు రెండు రోజులుగా కళ్ళు తెరవలేదు.

వల దించారు. పేటంతా తాళ్ళు పట్టింది. హైలెస్సా అంది. కొర్లమ్మ చేపలు కోసే కత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది.

మా పేటలో వల కొయ్యడమంటే మనిషిని కొయ్యడమే. ఆవిడ ఈదుకుంటూ పోయి బారెడు మేర వల కోసేసింది. గంటురెక్క అప్పుడే పుట్టిన పిల్లతో సహా ఆ కంతలోంచి బయటపడింది, వెనకే మిగతావీ. ఒడ్డున ఉన్న ఎల్లాజీకి కత్తి తళుక్కుమనడం కనిపించింది.

"వల కోసేస్తందర్రా! లాగండి! బేగి లాగండి!"

లాగారు. ఆకలితో లాగారు, కోపంతో లాగారు. కొర్లమ్మ కాలు వలలో చిక్కుకుంది. వాళ్ళు లాగేకొద్దీ ఆవిడ కిందికి పోయింది.

కొర్లమ్మ తల పైకి లేచింది. ఈదుతోంది దొంగది, అనుకున్నారు. లాగారు. మునిగింది.

రెండోసారి నడుం దాకా లేచింది. చేతులు ఆడలేదు. చేతులాడని మనిషి అంత ఎత్తుకు ఎలా లేస్తుంది? అనుకుంటూనే లాగారు. మునిగింది.

మూడోసారి లేచినప్పుడు ఆవిడ కింద నల్లటి వీపు కనబడింది. వీపు మీద రెక్క. రెక్కకు గంటు. అప్పుడే ఈనిన తల్లి తన పిల్లను మిగతావాటికి వదిలిపెట్టి వచ్చి, కొర్లమ్మను ఊపిరి కోసం పైకెత్తుతోంది.

నవ్విన నోళ్ళన్నీ తెరుచుకునే ఉండిపోయాయి. కొర్లమ్మ చెప్పిందంతా కళ్ళెదురుగానే ఉంది. ఎత్తుతున్నది అది. మరి ముంచుతున్నదెవరు? అందరూ తలలు వంచి తమ చేతుల్లోని తాడు చూసుకున్నారు.

"ఒగ్గీండ్రా! తాడు ఒగ్గీండి!" ఎల్లాజీ గొంతు చీలిపోయింది.

వదిలేశారు. ఎల్లాజీయే ముందు దూకాడు. అతను వెళ్ళేసరికి గంటురెక్క ఇంకా ఆవిణ్ని మోస్తూనే ఉంది. మూరెడు దూరంలో అది వదిలిన ఊపిరి అతని మొహానికి తగిలింది. వెచ్చగా ఉందట. కొర్లమ్మ ఒళ్ళు మాత్రం చల్లబడిపోయింది.

వల ఒడ్డుకు లాగి చూశారు. అందులో ఒక్క చేప లేదు.

మూడోనాడు ఆడవాళ్ళు దారం తెచ్చుకుని వల బాగుచెయ్యడానికి కూర్చున్నారు. ఎల్లాజీ వచ్చి ఆ చిరుగు మీద చెయ్యి పరిచాడు.

"అంచులు కట్టండి. కంత కుట్టొద్దు."

"సేపలు పోతాయి కద, మావా."

"పోనీండి."

ఇప్పుడు నైలాను వలలొచ్చాయి, ఇంజను పడవలొచ్చాయి. అయినా మా పేటలో ఎవరు కొత్త పెద్దవల కట్టినా బారెడు మేర అల్లకుండా వదులుతారు. దాన్ని కొర్లమ్మ దారి అంటారు. చేపలు పోవా అంటారా? పోతాయి. ఇంట్లో గింజ లేని రోజున కూడా మా కళ్ళముందే పోతాయి. పొరుగూరివాళ్ళు చూసి నవ్వుతారు, కుట్టుకోవచ్చు కదా అంటారు. ఎలా కుడతాం? ఆ రోజు తాడు లాగినవాళ్ళ పిల్లల పిల్లల పిల్లలం మేం.