అర్థమైందా అని అడిగిన లకుముకి పిట్ట

నేను ఇంతకు ముందు ఏనాడూ కథ రాసినదాన్ని కాదు. నోటితో చెప్పినట్టే రాస్తున్నాను, తప్పుంటే సర్దుకోండి.

మద్దిమాకుల అడవిలో ఒక వాగు ఉంది. దాని ఒడ్డున లకుముకి పిట్టలు, కొంగలు, తాబేళ్ళు ఉండేవి.

నీలాంబ అనే లకుముకి పిట్ట ఇరవై పిల్లలకు చేపల వేట నేర్పేది. ఆమె కూతురు మువ్వ కూడా అందులోనే.

"మెడ వంచు, రెక్క ముడువు, ముక్కు ముందు" అని నీలాంబ పాడితే, కొమ్మ మీద వరసగా కూర్చున్న పిల్లలు వల్లించేవి.

"అర్థమైందా?" అంటే "అయిందీ" అని ఒక్క గొంతుతో అనేవి. ఆ గొంతు విని అడవంతా మెచ్చుకునేది.

అవతలి ఒడ్డున పుల్లమ్మ అనే ముసలి లకుముకి పిట్ట దగ్గర నాలుగే పిల్లలు. పుల్లమ్మ ఎండుటాకు నీళ్ళలో పడేసి "తెచ్చి చూపించు" అనేది. తప్పితే "ఎక్కడ తప్పావో నువ్వే చెప్పు" అని ఇంకో ఆకు పడేసేది.

"ఆకులు ఏరిస్తున్నావేం పుల్లత్తా, వాకిలి ఊడ్పిస్తావా?" అని నీలాంబ ఎకసెక్కమాడింది.

"ఊడవడమన్నా వస్తుంది కదమ్మా" అంది పుల్లమ్మ.

ఎండలు ముదిరాయి. వాగులో మడుగులే మిగిలాయి. పిల్లలు కొండ అవతలి చెరువుకు ఎగిరిపోవాలి. అక్కడ ఎవరి చేప వాళ్ళే పట్టుకోవాలి, లేకపోతే పస్తే.

"ఒక్కొక్కళ్ళూ పట్టి చూపించి బయలుదేరండి" అంది తాబేలు తాత.

పుల్లమ్మ పిల్లలు నాలుగూ నాలుగు చేపలు తెచ్చాయి. నీలాంబ గర్వంగా మువ్వను ముందుకు తోసింది. మువ్వ మూడుసార్లు దూకింది. మూడుసార్లూ ముక్కు నిండా బురదతో పైకి వచ్చింది.

"అర్థమైందన్నావు కదే" అంది నీలాంబ.

"అందరూ అన్నారమ్మా. నాకొక్కదానికే రాలేదంటే నీ పరువు పోతుందని..."

వెనక పందొమ్మిది పిల్లలూ తలలు దించుకున్నాయి.

ఏ ఒక్కదాన్నీ విడిగా అడగలేదని నీలాంబకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ కూతురు తిన్నది తను పట్టి పెట్టిన చేపలే. కొంగలన్నీ చూస్తుంటే ముక్కు రెక్కలో దాచుకుంది. ఆ పూట మేత ముట్టలేదు.

"మడుగులో ఇంకా పది రోజుల నీళ్ళున్నాయిలే" అంది పుల్లమ్మ మెల్లగా.

మర్నాడు పొద్దున్నే నీలాంబ ఇరవై పిల్లల్నీ వెంటబెట్టుకుని అవతలి ఒడ్డుకు వెళ్ళింది. "నేర్పడం నాకు రాదు పుల్లత్తా" అని చెప్పి, వరసలో అందరికంటే చివర కూర్చుంది.

నీతి: పిల్లలు తెలిసిందన్నంత మాత్రాన నేర్పినట్టు కాదు, ఒక్కొక్కరి చేతా చేయించి చూసినప్పుడే నేర్పినట్టు.