ఒరతో సహా

సైదులుకు కత్తి కుదరడం లేదు.

అతను కోరుకున్నది పెద్దదేమీ కాదు. వేలెడంత కత్తి, దానికో ఒర. మడత కత్తి పనికిరాదు, దాన్ని విప్పడానికి రెండు చేతులు కావాలి. నీళ్లలో వల చుట్టుకున్నవాడికి ఒక చెయ్యి ఆడితే అదే గొప్ప. జేబులో పట్టాలి. వంగితే జారిపడకూడదు, కూర్చుంటే తొడలో గుచ్చుకోకూడదు, లాగితే మాత్రం లాగిన క్షణంలోనే చేతికి రావాలి. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు కూడా ఇన్ని వంకలు పెట్టరు.

కమ్మరి దగ్గరికి పోయి కొత్తది కొట్టించుకొచ్చేవాడు. అది నచ్చక పాత రంపం ముక్క తెచ్చి తనే అరగదీసేవాడు. తోలు ఒరలు కుట్టి, కుట్టినవి విప్పి పారేసేవాడు. టేకు చెక్క ఒర నానబెట్టి చూస్తే ఉబ్బింది. వెదురు ఒర వదులైంది. చివరికి పైపు ముక్క ఒకటి మంట మీద మెత్తబరిచి, కత్తి చుట్టూ అదిమి ఒర చేశాడు. అది నీళ్లకు ఉబ్బలేదు. అయినా మనసు ఒప్పలేదు. దర్గా ముందున్న తొట్టిలో నడుము దాకా మునిగి, కళ్లు మూసుకుని జేబులోంచి కత్తి లాగేవాడు, పెట్టేవాడు, మళ్లీ లాగేవాడు. దర్గాకు వచ్చినవాళ్లు మొదట్లో నవ్వారు. మాకూ గడ్డం గీస్తావా అని ఆటపట్టించారు. తర్వాత అతని మొహం చూసి మానుకున్నారు.

ఆ దర్గా కృష్ణ నీళ్లు వెనక్కి తన్నే చోట చిన్న గుట్ట మీద ఉంది. మెట్లు దిగితే నీళ్లే. జమాల్ షా అనే ముసలి ఫకీరు దాన్ని చూసుకుంటాడు, అందరికీ ఆయన బాబా. పోయిన వానాకాలం తమ్ముడు చనిపోయాక సైదులు ఇక్కడికి వచ్చి, శిష్యుడిగా ఉంచుకొమ్మని కాళ్ల మీద పడ్డాడు. ఊడుస్తావా అని బాబా అడిగాడు. ఊడుస్తానన్నాడు. ఉపదేశం అంతటితో అయిపోయింది.

వంటకు నీళ్లు మోసేదీ సైదులే. కానీ మెట్లు దిగడు. కళ్లెదుట అంత ఏరు పెట్టుకుని, గుట్ట అవతలి ఊళ్లో బోరింగు దాకా బిందెతో పోయి వస్తాడు. చేపలు పట్టే ఇంట పుట్టినవాడు. నడక రాకముందే ఈత వచ్చినవాడు. వాడికి ఇప్పుడు ఏట్లో పాదం తడపాలంటే ప్రాణం పోయినంత పని. బాబా ఎందుకని అడగలేదు.

అడక్కపోయినా ఒకరోజు సైదులే చెప్పాడు.

అక్కడి జాలర్లు పుట్టిలో ఎప్పుడూ ఇద్దరుగా వెళ్తారు. బుట్టలాంటి ఆ గుండ్రని పడవలో ఒకరు తెడ్డు వేస్తే ఇంకొకరు వల చూసుకోవాలి. సైదులు తమ్ముడు లింగస్వామికి తెడ్డు వేసేది పెళ్లాం ఈదమ్మ. ఆ రోజు ఆమెకు జ్వరం. వల నీళ్లలోనే ఉండిపోయింది, తియ్యకపోతే చేప కుళ్లిపోతుంది. దగ్గరే కదా, ఒక్కణ్ణే పోయి వస్తానన్నాడు లింగస్వామి. వద్దని ఆపాల్సిన అన్న ఆపలేదు. కొత్తగా చేయించిన చిన్న కత్తి, అచ్చంగా అమరిన తోలు ఒరతో సహా తమ్ముడి చేతికిచ్చి, జేబులో పెట్టుకొమ్మన్నాడు. గాలికి పుట్టి తిరగబడింది. కాళ్లకు వల చుట్టుకుంది.

"తోలు నానింది బాబా. నాని కత్తిని పట్టేసింది. బయటికి తీస్తే కత్తి వాని చేతులనే ఉంది, ఒరతోటి సహా. ఎంత గుంజిండో, ఒర మీద వాని పండ్ల గాట్లున్నయి."

బాబా ఒక్క మాట అడిగాడు.

"నువ్వెక్కడున్నవ్?"

"ఒడ్డు మీద," అన్నాడు సైదులు. అని, లేచి వెళ్లి మళ్లీ కత్తి నూరుకోవడం మొదలుపెట్టాడు.



కొన్నాళ్లకు ఈదమ్మ దర్గాకు వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలం అయిపోయింది, తెల్లారితే అందరూ వలలు వేస్తారు. ఆమె పుట్టికి తారు పూసుకుంది, వల అల్లుకుంది. తోడు మాత్రం దొరకలేదు. మొగుణ్ణి మింగిన పుట్టి అని ఎవరూ అందులో ఎక్కరు. తెడ్డూ వలా రెండూ తనే చూసుకుంటానని ఆమె తేల్చి చెప్పింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే వేరే దారి లేదు.

సైదులు తల దించుకుని విన్నాడు.

"నువ్వు నీళ్లల్లకు రావు. నాకెరుకే," అంది ఈదమ్మ. "కనీసం కత్తన్నా ఇయ్యి బావా. ఇన్ని చేసినవ్ గదా."

సాయంత్రం వచ్చి తీసుకుపోతానని చెప్పి వెళ్లిపోయింది.

సైదులు చేసిన కత్తులన్నీ గుడ్డ మీద పరుచుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కటే తీసి చూశాడు. దీనికి పిడి నున్నగా ఉంది, తడిచేతిలో జారుతుంది. దాని మొన మరీ వాడిగా ఉంది, వల కోయబోయి కాలు కోసుకుంటుంది. ఇంకోదాని ఒర జేబులో నిలవదు, కత్తితో పాటే బయటికి వచ్చేస్తుంది. ఎండ నెత్తికెక్కింది. బాబా అన్నం తినమని పిలిచినా లేవలేదు. ఇన్నాళ్లూ చేసిందంతా ఇనుప ముక్కల కుప్పలా కనిపించింది. రేపు ఈ పాటికి ఆమె కూడా ఉండదనిపించింది.

బాబా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏదీ పనికిరాదు బాబా," అన్నాడు సైదులు. "వాడు నేనిచ్చిన కత్తితోనే పోయిండు. ఈమె గూడ నేనిచ్చిన కత్తితోనే పోతది. నేనెందుకు బతికున్ననో నాకే తెల్వదు."

బాబా ఓదార్చలేదు. గుడ్డ మీదికి చూశాడు.

"వీటిల్ల మంచిదేది?"

సైదులు పైపు ఒర ఉన్న కత్తి తీసి చూపించాడు. చెప్పడం మొదలుపెట్టాక గొంతులో కాస్త ప్రాణం వచ్చింది. పిడికి తాడు చుట్టాడట, జారదు. ఒరకు చిల్లి పెట్టి దారంతో జేబుకే కట్టేశాడట, కాబట్టి లాగితే కత్తి ఒక్కటే వస్తుంది, ఒర జేబులోనే ఉండిపోతుంది. లింగస్వామి ఒరకు ఆ దారం లేదు. పైపు నానదు, ఉబ్బదు. బొటనవేలితో ఒర అంచును నొక్కితే చాలు, టక్కున వదులుతుంది. తొట్టిలో ఎన్నిసార్లు లాగినా ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు.

"నా జేబుకు కట్టు," అన్నాడు బాబా.

సైదులు ఆయన జుబ్బా జేబుకు ఒర కట్టాడు. లాగి చూపించాడు. బాబా కూడా లాగి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నమ్ముతవా దీన్ని?"

సైదులు ఆలోచించాడు. అబద్ధం చెప్పలేదు.

"నమ్ముత బాబా."

బాబా లేచి, గోడకు వేలాడుతున్న వల తీసుకున్నాడు. అది లింగస్వామి ఒంటి మీంచి కోసి తీసిన వల, సైదులు వెంట తెచ్చుకున్నది. దాన్ని శాలువాలా భుజాల చుట్టూ కప్పుకున్నాడు. ఒకసారి కాదు, చేతుల కిందుగా, నడుం చుట్టూ, మళ్లీ భుజాల మీదుగా. తర్వాత మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

ఏం చేస్తున్నాడో సైదులుకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి బాబా నడుం లోతులో ఉన్నాడు. అంత వయసు మనిషి, చలికి దగ్గే మనిషి, ఆగకుండా నడుస్తూనే ఉన్నాడు. నీళ్లు గొంతు దాకా వచ్చాయి. తెల్లటి గడ్డం తేలింది. ఇంకో అడుగు వేశాడు, గడ్డం కూడా మునిగింది.

సైదులు చివరి మెట్టు మీద నిలబడ్డాడు. ఇప్పుడు లాగుతాడు అనుకున్నాడు. జేబు ఎక్కడుందో ఆయనకు తెలుసు. బొటనవేలితో నొక్కితే చాలు.

నీళ్లు కదిలాయి. వల తాడు ఒకటి పైకి తేలింది. చెయ్యి మాత్రం పైకి రాలేదు.

"కత్తి తియ్యి బాబా," అని అరిచాడు.

బుడగలు వచ్చాయి.

తర్వాత ఏం జరిగిందో సైదులు వరసగా చెప్పలేడు. నీళ్లు కళ్లలోకి, ముక్కులోకి వచ్చాయి. చేతికి జుబ్బా దొరికింది, గడ్డం దొరికింది. వల గోళ్లతో తెంపాడు, తెగనిచోట పళ్లతో కొరికాడు. పెదవి చీరుకుపోయింది. పైన పరిచిన గుడ్డ మీద అన్ని కత్తులున్నాయని అతనికి గుర్తేలేదు. బాబా జేబులో ఒకటుందనీ గుర్తులేదు. ఆ ముసలి మనిషిని చంకల కింద పట్టుకుని మెట్టు మెట్టుకూ ఈడ్చుకొచ్చి, బోర్లా పడుకోబెట్టి వీపు మీద చరిచాడు.

బాబా నీళ్లు కక్కాడు. చాలాసేపు దగ్గాడు. లేచి కూర్చోవడానికి ఇంకా చాలాసేపు పట్టింది.

అప్పుడు జేబులో చెయ్యి పెట్టి, బొటనవేలితో నొక్కి లాగాడు. కత్తి టక్కున వచ్చింది. ఒర జేబులోనే ఉండిపోయింది. దాన్ని ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచి కత్తే," అన్నాడు. "ఇది నా దగ్గరున్నదని నీకెరుకే. మరి నువ్వెందుకు దిగినవ్?"

సైదులు నోరు తెరిచాడు. పెదవి మీది నెత్తురు గడ్డం దాకా కారింది.

ఆ రోజు ఒడ్డు మీద తను అనుకున్న మాట గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పనిది, తనకు తాను కూడా మళ్లీ చెప్పుకోనిది. పుట్టి తిరగబడటం అతను చూశాడు. కేక వేస్తే వినబడేంత దూరమే. కత్తుంది కదా, కోసుకుని వస్తాడులే అనుకున్నాడు. తమ్ముడికి తను చేయించి ఇచ్చిన కత్తి మీద సైదులుకు అంత నమ్మకం. అనుకుని చూస్తూ నిలబడ్డాడు.

తమ్ముడు పోయినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చాడు. బాబా అతని వీపు మీద చెయ్యి వెయ్యలేదు. జుబ్బా విప్పి పిండుకుని, మెట్టు మీద ఆరేసుకున్నాడు.

సాయంత్రం ఈదమ్మ వచ్చేసరికి బాబా ఆ కత్తితోనే ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. తడిబట్టలతో కూర్చున్న బావను చూసి ఆమె ఆగిపోయింది. సైదులు బాబా దగ్గర్నుంచి కత్తి తీసుకుని, కడిగి, జుబ్బా జేబు నుంచి విప్పిన ఒరలో పెట్టి ఆమె చేతికిచ్చాడు. ఇచ్చాక, చెప్పాల్సింది చెప్పాడు. ఒర పట్టేయడం నిజమే. కానీ అప్పటికి తను ఒడ్డునే ఉన్నాడు, చూస్తూనే ఉన్నాడు. ఈత రాక కాదు, భయపడీ కాదు. కత్తుంది కదా అని ఆగాడు.

ఈదమ్మ చేతిలోని కత్తినే చూస్తూ నిలబడింది.

"ఎంతసేపు సూసినవ్ బావా?"

ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పినా ఎవరికీ తెలిసేది కాదు.

"బుడగలు ఆగేదాక."

ఆమె కత్తిని గుడ్డ మీద పెట్టేసింది. కొంగు నడుముకు చుట్టుకుని, ఒక్క మాట అనకుండా గుట్ట దిగి వెళ్లిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది, కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. సైదులు ఆమె వెళ్లిన దారి వైపే చూస్తూ ఉండిపోయాడు.

పొయ్యి మీద కూర ఉడుకుతోంది. బాబా కట్టెలు ఎగదోస్తున్నాడు.

"పొద్దుగాల పోయి తెడ్డు నేనేస్తనని అడుగుత," అన్నాడు సైదులు. "ఎక్కనియ్యదు బాబా. నా మొఖం గూడ సూడదు."

"సూడకపోవచ్చు," అన్నాడు బాబా.

"మరేం జెయ్యాలె?"

బాబా కూరలో ఉప్పు వేసి, గరిటె తిప్పి, మూత పెట్టాడు.

"అడుగు. కానీ ఒడ్డు మీద నిలబడి అడగకు."