సున్నపు గుంటలో చెంబెడు నీళ్ళు

గుల్లలంక మేరిమాత గుడికి వచ్చే యాత్రికులు దారి అడగనక్కర్లేదు. కొల్లేటి కట్ట మీద బస్సు దిగాక, చేతిలో చెంబుతో నడిచే మనిషి కనిపిస్తే వారి వెనక నడిస్తే చాలు. చెంబు తెచ్చుకోవడం మరచినవారు కంగారు పడనక్కర్లేదు. గుడి వాకిట్లో కుళాయి పక్కన ఇత్తడి చెంబులు బోర్లించి ఉంటాయి. ఏటా వాటిలో కొన్ని భక్తులతో పాటు బస్సెక్కి వెళ్ళిపోతూనే ఉన్నాయి, గుడి పెద్దలు మళ్ళీ తెచ్చి పెడుతూనే ఉన్నారు.

గుడి చిన్నది. లోపల గూటిలో ఉన్న మాత స్వరూపం మూరెడు ఎత్తు కూడా ఉండదు. రంగు వేయలేదు, కిరీటం పెట్టలేదు, పట్టుచీర కట్టలేదు. అది గుల్ల సున్నంతో చేసిన బొమ్మ. దక్షిణపు గోడ నిండా మశూచి మచ్చల వంటి గుంటలు కనిపిస్తాయి. కొత్తగా వచ్చినవారు వాటిని చూసి, పాపం గుడిని పట్టించుకునే దిక్కు లేదనుకొని, పూత వేయిస్తామని ముందుకు వస్తారు. ఆ గోడను ముట్టుకోనివ్వరు. గోడకు ఆనుకొని రాతి గట్టు కట్టిన గుంట ఉంది. పైన బెత్తెడు తేటనీరు, అడుగున తెల్లటి సున్నం. గట్టు మీద పలకపై రెండే మాటలు చెక్కారు: "అడుగు కెలకరాదు. ఎప్పటికవుతుందని అడగరాదు."

ఈ రెండు మాటలూ ఎలా పుట్టాయో పెద్దలు చెప్పినట్టుగా ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ గుడి లేదు. నత్తగుల్లలు కాల్చి సున్నం చేసే బట్టీ ఒకటి ఉండేది. దాన్ని నడిపే సోమన్న, అతని భార్య నూకాలు సరస్సు మధ్యనున్న దిబ్బల మీద గుల్లలు ఏరి, దోనెలో తెచ్చి, కాల్చి, నానబెట్టి చుట్టుపక్కల ఊళ్ళకు ఇచ్చేవారు. దోనె బంగారయ్యది. అతడు సోమన్నకు తమ్ముడి వరస. ఒకనాడు మధ్యాహ్నం దోనె నిండిపోగా, ఇంకా రెండు గంపల గుల్లలు మిగిలాయని సోమన్న దిబ్బ మీదే ఆగాడు. సరుకు దించి వెంటనే వస్తానని బంగారయ్య మాట ఇచ్చి వచ్చాడు. ఇంతలో గాలి లేచింది. బంగారయ్య దోనెను కొయ్యకు కట్టి, గాలి తగ్గాక వెళ్దామని ఇంట్లో కూర్చున్నాడు. గాలి తగ్గేసరికి మర్నాడు పొద్దెక్కింది. అప్పటికి దిబ్బ నీటి కింద ఉంది.

మూడో రోజున బంగారయ్య వచ్చి నూకాలు కాళ్ళ మీద పడ్డాడు. "భయమేసింది వదినా, భయమేసింది" అన్న మాట తప్ప ఇంకొకటి రాలేదు. నూకాలు కాళ్ళు వెనక్కి తీసుకుంది.

ఆ రోజుల్లో శౌరయ్య గురువుగారని ఒక కతోలిక గురువు లంక గ్రామాలకు వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. సోమన్న పోయిన వారం ఆయన నూకాలు గుడిసె ముందు చాప మీద మూడు రోజులు ఊరికే కూర్చున్నారు. మరొకరెవరూ అంతసేపు కూర్చోలేదు. తనను చంపినవారిని కూడా క్షమించిన దేవుడి సంగతి ఆమె ఆయన నోటనే విన్నది. రెండేళ్ళకు జ్ఞానస్నానం అడిగింది. ఎందుకమ్మా అని అడిగితే, "లోపల నిప్పు ఆరుద్దని" అన్నది. ఆమెకు అగాతమ్మ అని పేరు పెట్టారు.

నిప్పు ఆరలేదు. పైగా పుట్టింటివారు రాకపోకలు మానేశారు. కొత్తగా చేరిన సంఘంలోనూ ఆమెకు చోటు దొరకలేదు. ఎందుకంటే గురువుగారిని దోనెలో తెచ్చి దించేది బంగారయ్యే, పూజలో ముందు వరుసలో కూర్చునేదీ అతడే. నోరు తెరచి సత్ప్రసాదం అందుకుంటూ, అదే పూట లోపల ఒకడి చావు కోరుకోవడం ఆమెకు చేతకాలేదు. అందుకని అందరూ బట్టీ పక్కన వేసిన పందిట్లో పూజకు కూర్చుంటే ఆమె బయట సున్నపు గుంట గట్టు మీద కూర్చునేది. పాటలు వినిపించేవి. పెదవులు కదిపేది కానీ గొంతు కలిపేది కాదు. పూజ అయ్యాక జనం గుంట వైపు చూడకుండా వెళ్ళిపోయేవారు. క్రిస్మస్ నాడు ఒక్క మనిషికి అన్నం వండుకొని, ఎదురుగా ఖాళీగా ఉన్న పీటను చూస్తూ తినేది. ఆ ఒంటరితనం మాటల్లో పెట్టగలిగేది కాదు. దేవుడి ఇంటికి వచ్చి గుమ్మం బయట మిగిలిపోయిన మనిషి బాధ అది.

పందిరి స్థానంలో గుడి కట్టాలని నిర్ణయమైనప్పుడు సున్నం పని అగాతమ్మకే వచ్చింది. ఆమె మనసులో ఒక మొక్కు మొక్కుకుంది. మాత పండుగలోపు గోడపూత పూర్తయితే తన లోపలి మంటను మాత తీసేయాలి. పండుగ దగ్గర పడింది. గుంటలో సున్నం ఇరవై రోజులే నానింది. ఆమె చేతులకు తెలుసు, ఆమె ముక్కుకు తెలుసు, అది ఇంకా కాలేదని. అయినా తీయించింది. మేస్త్రీలు దక్షిణపు గోడకు నున్నగా పూత వేశారు. పండుగ నాటికి గోడ పాలమీగడలా మెరిసింది. అగాతమ్మ ఆ రోజు తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని, ధైర్యం చేసి గుడి గుమ్మం దాకా వచ్చింది. ముందు వరుసలో బంగారయ్య వీపు కనిపించింది. కడుపులో మంట ఎప్పటిలాగే భగ్గుమంది. అక్కడి నుంచే వెనక్కి తిరిగింది.

రెండు వారాలు గడిచేసరికి గోడ మీద పొక్కులు లేచాయి. ఒక్కొక్కటే టప్పున పేలి పూత రాలింది. మాత ఆమె సున్నాన్ని ఒప్పుకోలేదని ఊరంతా గుసగుసలాడింది. అగాతమ్మ కూడా అదే అనుకుంది.

గురువుగారు వచ్చి ఆమె పక్కన నిలబడి గోడను చూశారు. ఆయన మాటకారి కాదు. ఆదివారం ప్రసంగంలోనే మాట కోసం తడుముకునేవారు.

"ఎన్నాళ్ళు నానబెట్టాలమ్మా?"

"ఆరు నెలలండయ్యా. మా అత్త ఏడాదైనా ఉంచేది."

"మరి ఇది?"

"ఇరవై రోజులండి." ఆమె తల వంచుకుంది. "పండక్కి గోడైపోతే నాలోది కూడా పోద్దని మొక్కుకున్నాను. అందుకే గుంటని తొందరపెట్టాను."

ఆయన పొక్కులోంచి శనగగింజంత పలుకును గోటితో తీశారు. "ఇది రాయా?"

"కాదండి. లోపలికి నీరు చేరని గుల్ల. పైకి నానినట్టే ఉంటది. గోడెక్కినాక పేలుద్ది."

"పారేయాలా?"

"పారేయడమెందుకండి? మళ్ళీ గుంటలో ఏస్తే నానుద్ది. మొదటి రోజు మట్టుకే సున్నం కుతకుతలాడుద్దండి. తరవాత చల్లబడిపోయి, చచ్చిందా బతికిందా తెలవదు. లోపల మాత్రం విచ్చుకుంటానే ఉంటది. నీళ్ళెండకుండా చూసుకుంటే చాలు."

గురువుగారు ఆ పలుకును ఆమె అరచేతిలో పెట్టారు. "అయితే వెయ్యమ్మా" అని వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అగాతమ్మ గట్టుకు తల ఆనించి కునుకు తీసింది. కలలో ఒక స్త్రీ వచ్చింది. వెలుగూ లేదు, కిరీటమూ లేదు. నేత చీర, కుచ్చిళ్ళకు బురద, సున్నం పనివాళ్ళకు ఉన్నట్టే పగిలిన వేళ్ళు. గుంటలో చెంబెడు నీళ్ళు పోసి వెనుదిరిగింది. "ఎప్పటికవుద్దమ్మా?" అని అగాతమ్మ కేక వేసింది. ఆమె ఆగలేదు. "నీళ్ళెండనీకు" అన్నది మాత్రం వినబడింది. మెలకువ వచ్చి చూస్తే గట్టు మీద తడి ఉందని కొందరు, లేదని కొందరు చెబుతారు. మండుటెండల కాలం కనుక ఉన్నా నిలిచేది కాదు.

ఆనాటి నుంచి రోజూ ఉదయం అగాతమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి గుంటలో పోసేది. పోస్తూ ఒకే ప్రార్థన చేసేది: "ఇంకా ఉందయ్యా." అంతే. తీసేయమని అడగడం మానేసింది. దాచిపెట్టడమూ మానేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పి, నీళ్ళు పోసి, పనిలో పడేది.

ఇలా చెబితే తేలికగా ఉంటుంది. కానీ గడిచినవి ఏడేళ్ళు. ఆదివారం బంగారయ్య దోనె నడిపే గెడ నీటిలో పడే చప్పుడు వినగానే దవడలు బిగుసుకునేవి. ఒక్కొక్క వర్షాకాలం గుంటకు గొడుగు పట్టినట్టు కూర్చొని, తన జన్మ ఇంతేనని ఏడ్చేది. తన తరవాత జ్ఞానస్నానం పొందినవారు సాక్ష్యాలు చెబుతుంటే, చప్పట్లు వినిపిస్తుంటే, చెప్పుకోవడానికి తన దగ్గర ఒక్క ముక్క లేదు. దేవుడు తన సంగతే మరచిపోయాడని నమ్మిన రోజులున్నాయి. ఆ రోజుల్లోనూ నీళ్ళు పోసింది. గోడలు మూడు వైపులా బాగా నానిన సున్నంతో పూర్తయ్యాయి. దక్షిణపు గోడను అలాగే ఉంచమని ఆమే కోరింది.

ఎనిమిదో ఏడు వేసవిలో గురువుగారి గది కట్టడానికి కాల్చిన గుల్ల కావలసి వచ్చింది. గంపలు మోసుకొచ్చే మనిషి లేక బంగారయ్యే మోసుకొచ్చాడు. ఊరు ఊరంతా చేలల్లో ఉంది. గుంట దగ్గర అగాతమ్మ ఒక్కతే. ఆమె మాట్లాడదని అతనికి తెలుసు. త్వరగా పని ముగించి పోదామనుకున్నాడు. సున్నం పనివాడెవడూ చేయని పని చేశాడు. గంపెడు గుల్లనూ ఒక్కసారిగా నీళ్ళ తొట్టిలో కుమ్మరించాడు.

"వద్దొరే!" అని అగాతమ్మ అరిచేలోపే తొట్టి బుసకొట్టి పైకి చిమ్మింది. బంగారయ్య ముఖం పట్టుకొని కూలిపోయాడు.

ఆమె అతని తలను ఒళ్ళో పెట్టుకొని, పిడికిలితో కళ్ళు మూసుకుంటున్న చేతులను బలవంతంగా లాగి, తాగే నీటి కుండ ఎత్తి పోసింది. "కన్ను తెరువు. తెరువు నాయనా, నేనున్నానుగా, తెరువు." కుండ అయిపోయింది. బావికి పరుగెత్తి మరొకటి తెచ్చింది. మరొకటి. ఎన్ని కుండలు పోసిందో ఆమెకే తెలియదు. చేలల్లోంచి జనం వచ్చి అతణ్ణి మంచం మీద తీసుకుపోయేదాకా పోస్తూనే ఉంది. ఒక కన్ను పోయింది. ఒకటి దక్కింది.

అంతా సద్దుమణిగాక, ఆ పూట గుంటలో నీళ్ళు తగ్గాయని చూసి చెంబు తెచ్చింది. పోస్తూ, అలవాటు కొద్దీ "ఇంకా" అన్నది. ఆగిపోయింది. లోపల వెతికింది. చీకటి గదిలో వస్తువు పెట్టిన చోట తడుముకున్నట్టు, ఏడేళ్ళుగా ఉన్నచోటే వెతికింది. అక్కడ సోమన్న ఉన్నాడు. అతను లేడన్న దుఃఖం ఉంది. మంట లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు. ఆ రోజు కాదని మాత్రం తెలిసింది. అంతకుముందే, ఎప్పుడో, ఆమె చూడని రోజున పోయింది. అగాతమ్మ గట్టు మీద కూర్చొని భర్త కోసం ఏడ్చింది. కోపం కలవని ఏడుపు ఆమెకు అదే మొదటిసారి.

తరవాతి ఆదివారం ఆమె లోపలికి వచ్చి సత్ప్రసాదం అందుకుంది. బయటికి వస్తూ, కంటికి కట్టు కట్టుకొని అరుగు మీద కూర్చున్న బంగారయ్య ముందు నిలబడింది.

"నయమయ్యాక దోనె తియ్యి మరిదీ. ఆ దిబ్బ కాడికి తీసుకుపో."

"నన్ను నమ్మి ఎక్కుతావా వదినా?"

"గాలి చూసుకుని పోదాం."

వారు వెళ్ళారు. దిబ్బ మీద ఆనాడు సోమన్న దగ్గర మిగిలిపోయిన రెండు గంపల గుల్లలు, నీరు కప్పి తీసి, కప్పి తీసి, చెదిరి పడి ఉన్నాయి. ఇద్దరూ వంగి దొరికినన్ని ఏరుకొచ్చారు. వాటిని కాల్చి గుంటలో వేసింది అగాతమ్మ. గుడికి మాత స్వరూపం లేదు కనుక దాంతో చేయించాలన్నది ఆమె కోరిక. ఎన్నాళ్ళు నానాలని అడిగితే, "ఈసారి ఏడాది" అన్నది.

ఆమె ఆ ఏడాది బతకలేదు. పదో నెలలో జ్వరం వచ్చి కన్నుమూసింది. మర్నాడు ఉదయం ఊరివారు గుంట దగ్గరకు వచ్చి చూస్తే, బంగారయ్య చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. "ఇంకా ఉందయ్యా" అంటున్నాడు. అతని లోపల ఉన్నది ఏమిటో ఎవరూ అడగలేదు. మిగిలిన రెండు నెలలూ అతడే పోశాడు, ఆ తరవాత బతికినన్నాళ్ళూ పోశాడు. గూటిలో ఇప్పుడు మనం చూసే స్వరూపం ఆ గుల్లలదే. ఇన్నేళ్ళయినా దాని మీద ఒక్క పొక్కు లేవలేదు.

నేటికీ ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మొదటి శనివారం నాడు యాత్రికులు ఈ గుంటకు చెంబులతో వస్తారు. కోపం వదలనివారు, తాగుడు వదలనివారు, ప్రార్థన ఎండిపోయినవారు, విశ్వాసంలో ఎదుగుతున్నామో లేదో తెలియనివారు వస్తారు. ఒక్కొక్కరే గట్టు దగ్గరకు వెళ్ళాలి; మిగిలినవారు దూరంగా నిలబడాలి. నీళ్ళు పోస్తూ "ఇంకా ఉందయ్యా" అని చెప్పి వెనుదిరగాలి. వేరే మొక్కు లేదు, గడువు లేదు. ఇరవై ఏళ్ళుగా వచ్చి అదే మాట చెప్పి వెళ్ళేవారున్నారు. వారిని ఎవరూ చిన్నచూపు చూడరు. పాత సున్నం కొంత తీసి ఏటా గుడికి వెల్ల వేస్తారు, దక్షిణపు గోడకు తప్ప.

ఎప్పుడో ఒక ఏడు, వరుసలోంచి ఒకరు గట్టు దగ్గరకు వెళ్ళి, చెంబు వంచి, "ఇంకా" అని ఆగిపోతారు. చాలాసేపు అక్కడే నిలబడిపోతారు. వెనకనున్నవారు తొందరపెట్టరు. తమ చెంబులు పట్టుకొని ఎండలో నిలబడే ఉంటారు.