సేఫ్టీ సారు చెప్పేదాకా

పొద్దున ఏడయింది. గాలి లేదు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

నలుగురం సున్నపు బట్టీకి బయల్దేరాం. నేను, మా ఆయన కోటిలింగం, మరిది పున్నయ్య, మా పెద్దాడు అంకారావు. పెద్దాడికి మీసాలు ఆలస్యంగా వచ్చాయి గానీ తెలివి పుట్టుకతోనే వచ్చింది. మా ఇంటిల్లిపాదికీ అంతే. చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాం. ఒక ముక్క పెంచం, ఒక ముక్క తగ్గించం. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు. పాపం, వాళ్ళకంత తెలివి లేదు.

ఆ రోజు మాత్రం నాకు భయంగానే ఉంది. పక్క బట్టీలో ఒకాయనకి సున్నం కళ్ళలో పడింది. ఇప్పుడు పెళ్ళాం చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. అది చూసినప్పట్నుంచి నాకు ముద్ద దిగలేదు. మా బట్టీ యజమానికీ భయం పట్టుకుందేమో, కొత్తగా ఒక సేఫ్టీ సారుని పెట్టాడు.

"వినండి," అన్నాను దారిలో. "సారు ఏం చెబితే అదే చెయ్యాలి. మాట దాటినోళ్ళకి ఇంట్లో కూడు లేదు."

"నేనెప్పుడు దాటానే?" అన్నాడు మా ఆయన. "మొన్న గొడుగు జాగ్రత్తగా తెమ్మన్నావు. అంత వానలోనూ చుక్క పడకుండా చొక్కాలో దాచి తేలా?"

నిజమే. గొడుగు పొడిగా వచ్చింది. ఆయనకే జ్వరమొచ్చింది.

సేఫ్టీ సారు మనిషి సన్నం. గొంతు మాత్రం మైకే. మాకు హెల్మెట్లు, కళ్ళజోళ్ళు, మాస్కులు, చేతి తొడుగులు, బూట్లు ఇచ్చాడు. తలా ఒక బెల్టు కూడా ఇచ్చాడు. దానికో పొడుగాటి తాడు, తాడు చివర కొక్కెం.

"బట్టీలో ఉన్నంతసేపు ఇవి తీయొద్దు. తీస్తే ఊరుకోను!"

"అట్టాగే సార్," అన్నాం.

కాసేపటికే కళ్ళజోళ్ళ మీద సున్నప్పొడి మందంగా పేరుకుంది. తుడుచుకోవచ్చు. కానీ సారు తుడుచుకోమనలేదు.

"వదినా, మబ్బు పట్టిందే," అన్నాడు పున్నయ్య, నెత్తిన సున్నం తట్టతో.

"వానొచ్చేలోపు పోసెయ్ రా," అన్నాను. నాకూ మబ్బుగానే ఉంది మరి.

అంతే. వాడు తట్టెడు సున్నం తీసుకెళ్ళి సారు మోటారుసైకిలు మీద కుమ్మరించాడు. మళ్ళీ వెళ్ళి ఇంకో తట్ట తెచ్చాడు. సారు చూసేసరికి హ్యాండిలు ఒక్కటే పైకి కనబడుతోంది.

"ఏమయ్యా! కళ్ళు కనబట్టం లేదా?" అని అరిచాడు.

"లేదు సార్," అన్నాడు పున్నయ్య వినయంగా. "మీరు కళ్ళజోడు ఇచ్చిన కాడ్నుంచీ కనబట్టల్లా."

మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నాం.

"అమ్మా, మాస్కు తీయకూడదంట. ఎట్టా తినేది?" అన్నాడు పెద్దాడు.

కన్నతల్లిని. బిడ్డని పస్తు ఉంచుతానా? కాసేపు ఆలోచించాను. ఆలోచించడమే తప్పయింది. "మాస్కు మీదే తిను నాయనా," అని మజ్జిగన్నం కలిపి పెట్టాను. మజ్జిగ లోపలికి ఇంకింది. మెతుకులు బయటే నిలిచాయి.

"ఎంత గట్టి బట్టరా! ఒక్క మెతుకు పోనిస్తేనా!" అని మెచ్చుకున్నాను.

సారు పరుగెత్తుకొచ్చాడు. "తినేటప్పుడు తీయాలమ్మా! దూరంగా పోయి, చేతులు కడుక్కుని, మాస్కు తీసి తినాలి!"

"ఆ ముక్క ముందే చెప్పొద్దా సార్?" అన్నాను, ఖాళీ అయిన గిన్నె చూపించి.

అప్పటికే ఆయన గొంతు బొంగురుపోయింది.

పొద్దు వాలేవేళకి గాలి లేచింది. షెడ్డు మీద రేకు ఒకటి టపటపా కొట్టుకుంటోంది. మా ఆయన్ని ఎక్కి బిగించమన్నారు.

"బెల్టు పెట్టుకో కోటిలింగం. కొక్కెం గట్టిదానికి తగిలించు. నీ బరువు ఆపేదై ఉండాలి," అని చెప్పి సారు తన బండి తవ్వుకోవడానికి వెళ్ళాడు.

మా ఆయన చుట్టూ చూశాడు. షెడ్డుకి ఇనప దూలం ఉంది. సన్నంగా ఉంది. పక్కనే సున్నం బస్తాలతో లారీ ఆగి ఉంది.

"దూలం గట్టిదంటావా, లారీ గట్టిదంటావా?"

"లారీయే నాన్నా," అన్నాడు పెద్దాడు.

ఇంకేముంది. కొక్కెం లారీకి తగిలించి ఎక్కేశాడు. నేను కింద నిలబడి మురిసిపోయాను. అంత పెద్ద లారీ మా ఆయన్ని పట్టుకుని ఉంది గదా.

లారీ కదిలింది.

అరిచాను. మాస్కులో అరిచాను. డ్రైవరుకి వినబడలేదు. మాస్కు కిందికి లాగి అరవచ్చు. లాగలేదు. సారు తీయొద్దన్నాడు.

తాడు నేల మీంచి లేచింది. బిగిసింది. మా ఆయన రేకుల మీద బర్రున జారుతూ అంచుకొచ్చాడు. కాళ్ళు గాల్లోకి వచ్చాయి. దూలం దొరికితే వాటేసుకున్నాడు.

"ఏమేవ్! లారీయే గట్టిదే!" అని కేకేశాడు.



లారీ కీచుమని ఆగింది. ముందు పున్నయ్య ఉన్నాడు. అన్న కోసం అడ్డం పడ్డాడనుకునేరు. వాడికి లారీ కనబడితేగా! తట్ట నెత్తిన పెట్టుకుని ఎటో పోతున్నాడు.

డ్రైవరు దిగి కొక్కెం ఊడదీశాడు. సారు నిచ్చెనెక్కాడు. ఆయన వెనకే మేం ముగ్గురం ఎక్కాం. ఇంటి మనిషిని పైన వదిలేసి కింద నిలబడతామా? రేకులు కిర్రుమన్నాయి. సారు మా ఆయన్ని పైకి లాగి, వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు.

"మీరెందుకెక్కారు!"

అందరి కొక్కేలూ ఒకే తాడుకి వరసగా తగిలించాడు. తనదీ తగిలించుకున్నాడు. ఉన్న గొంతంతా కూడదీసుకుని అరిచాడు. "నేను చెప్పేదాకా ఒక్కరు కూడా కొక్కెం తీయొద్దు!"

అదే ఆయన ఆఖరి మాట.

మనిషికేం కాలేదు. గొంతు పోయింది, అంతే.

మెల్లగా దిగాం. సారు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. కొక్కేలు చూపించి చేతులు ఊపాడు.

"ఏమంటున్నాడు వదినా?"

"ఏమీ అంటల్లేదురా. అనేదాకా ఆగుదాం."

సారు తన కొక్కెం మీద చెయ్యి వేశాడు. మా ఆయన చప్పున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు సార్. మీరింకా చెప్పలా. మీ మాట మీరే దాటితే ఎట్టా?"

పని వేళ అయిపోయింది. ఇంటిదారి పట్టాం. సారు వెనక్కి లాగాడు. నలుగురం ముందుకు లాగాం. బజారంతా బయటికొచ్చి చూసింది. సారు కనబడిన ప్రతివాళ్ళకీ చేతులు జోడించాడు.

"ఎంత మర్యాదస్తుడమ్మా," అన్నాడు పెద్దాడు. "అందరికీ దండాలు పెడుతున్నాడు."

గుమ్మంలో ఆగి లెక్కపెట్టుకున్నాను. మా ఆయన వచ్చాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి గానీ మనిషి వచ్చాడు. మరిది వచ్చాడు, రెండు కళ్ళతోనూ. పెద్దాడు వచ్చాడు, ఆకలితో. నేనూ ఉన్నాను. ఇంకా తాడు మిగిలింది. ఆ చివర సారు ఉన్నాడు.

మళ్ళీ లెక్కపెట్టాను.

"ఏమయ్యా, పొద్దున పోయింది నలుగురమే. క్షేమంగా వచ్చింది ఐదుగురం."

మా ఆయన సారు కొక్కెం ఇంకోసారి లాగి చూశాడు.

"సేఫ్టీ అంటే అదేనే," అన్నాడు.