బయల్దేరేవాణ్ణి అడక్కూడని మాట

అనగనగా ఒక ఏరు. ఆ ఏటికి ఈవలి గట్టున ఒక ఊరు, ఆవలి గట్టున ఇంకో ఊరు. ఈవలి ఊళ్ళో బుల్లెమ్మ అని ఒకావిడ ఉండేది. తుంగ కోసుకొచ్చి చాపలు అల్లేది. కొడుకు ఏడుకొండలు ఆవిడ దగ్గరే ఉండేవాడు. కూతురు నాగరత్నాన్ని ఆవలి ఊరికి ఇచ్చింది. ఆవిడొక్కతే ఏమిటి, ఆ రెండూళ్ళ వాళ్ళూ ఎప్పట్నుంచో పిల్లల్ని ఇచ్చిపుచ్చుకునేవాళ్ళే.

ఏటి మధ్యలో ఒక లంక ఉంది, చిట్టీ. రావణాసురుడి లంక కాదులే, చుట్టూ నీళ్ళు, మధ్యలో ఇసక మేట. వరదొచ్చినప్పుడల్లా అది కాస్త జరుగుతుంది. ఆ ఏడు అటువైపు జరిగింది. "మా లంక పట్టుకుపోయారు" అని ఈవలి వాళ్ళకి కోపం వచ్చింది. ఏరు జరిపితే మనుషుల మీద కోపమేమిటో బుల్లెమ్మకి అర్థం కాలేదు. నాకూ అర్థం కాదనుకో.

అప్పుడు ఊరి పెద్దల సభలో యుద్ధం చేద్దామన్న మాట లేచింది. పెద్దలంటే ఆకాశం నుంచి ఊడిపడ్డవాళ్ళు కాదు, వీధికొకరు చొప్పున జనం ఎన్నుకున్నవాళ్ళే. శుక్రవారం నాడు వాళ్ళంతా కూడి సరేనంటే, ఏడుకొండలు ఈటె పట్టుకుని సొంత బావ మీదికి పోవాలి. బుల్లెమ్మకి అన్నం సయించలేదు. కొడుకు గెలిచి రావాలని మొక్కుకుందామంటే, మరి అల్లుడు ఏమైపోవాలని మొక్కినట్టు? దేవుడికి దణ్ణం పెట్టి, ఏం అడగాలో తెలియక లేచి వచ్చేసింది.

ఆ తర్వాత వీధిలో ఆడవాళ్ళని కూడగట్టింది. వాళ్ళ వీధి పెద్ద కొండలరాయుడు. ఆయన వద్దంటే మిగతా పెద్దలూ వద్దంటారని అందరికీ తెలుసు. పెద్దింటికి వట్టి చేతులతో ఎలా వెళ్తారు? పళ్ళెంలో కుంకుమ, హారతి పెట్టుకుని వెళ్ళారు. ఆయన నుదుట బొట్టు పెట్టారు. వీళ్ళు నోరు తెరిచేలోపే ఆయన ఛాతీ విరుచుకుని, "వీర తిలకం దిద్దారు, మన తల్లులు కూడా యుద్ధమే కోరుతున్నారు" అని ఊరంతా చాటించాడు. బుల్లెమ్మ పళ్ళెం పట్టుకుని వెర్రిమొహం వేసుకుని ఇంటికొచ్చింది.

సరే, పళ్ళెమూ వద్దు, మాటా వద్దు అనుకుని, మర్నాడు అందరూ వెళ్ళి ఆయన అరుగు ముందు ఊరికే కూర్చున్నారు. పొద్దు వాలేదాకా కూర్చున్నారు. ఆయన అందరికీ మజ్జిగ ఇప్పించాడు. "ఎవరూ కాదనలేదు, అందరికీ సమ్మతమే" అని సభకి కబురు పెట్టాడు. మజ్జిగ మాత్రం బావుందట.

ఇక బుల్లెమ్మకి ఏమీ పాలుపోలేదు. సాగనంపడానికి మనకి బోలెడు పద్ధతులున్నాయి. వెళ్ళొద్దని చెప్పడానికి ఒక్కటైనా లేదేమిటి అనుకుంది.

ఇంతలో శుక్రవారం రానే వచ్చింది. కొండలరాయుడు పట్టు కండువా వేసుకుని గడప దాటాడు. బుల్లెమ్మ వీధిలోనే నిలబడి ఉంది. చెప్పాలనుకున్నవన్నీ గొంతులో కలగాపులగమైపోయి, చివరికి "ఎక్కడికి బాబూ?" అన్న మాట జారింది.

నీకు తెలుసుగా, బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడక్కూడదు. అడిగితే వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. "ఇంత వయసొచ్చింది, ఆమాత్రం తెలీదా?" అని విసుక్కుంటూ ఆయన లోపలికెళ్ళాడు. బుల్లెమ్మ సిగ్గుతో చితికిపోయింది.

ఆయన నీళ్ళు తాగి మళ్ళీ వచ్చాడు. ఈసారి పక్కింటి మంగతాయారు, కావాలనే, "ఎక్కడికి రాయుడు గారూ?" అంది. మళ్ళీ కాళ్ళు, మళ్ళీ నీళ్ళు. ఆ తర్వాత మూడోసారి గడప దాటాడు. ఈసారి అడిగింది అరుగు మీద కూర్చున్న వాళ్ళమ్మ.

"ఎక్కడికిరా అబ్బాయ్?"

అమ్మ మీద విసుక్కోలేడు కదా. "సభకమ్మా. యుద్ధానికి సరేనని చెప్పి రావాలి" అన్నాడు.

"ఎవరి మీదికి?"

"ఆవలి గట్టు వాళ్ళ మీదికి."

"మా పుట్టింటి మీదికా" అంది ముసలావిడ.

కొండలరాయుడు అమ్మ పక్కన కూలబడ్డాడు. నీళ్ళిస్తే తాగలేదు. చాలాసేపటికి లేచి సభకి వెళ్ళి, నేను ఒప్పుకోనన్నాడు. కొందరు ఆయన్ని తిట్టారు, ఎక్కువమంది ఊపిరి పీల్చుకున్నారు. యుద్ధం ఆగిపోయింది.

"అయితే మనం గెలిచామా?" అని బుల్లెమ్మ అడిగింది.

"ఏమో పిన్నీ" అంది మంగతాయారు. లంక ఎవరిదో కూడా తేలలేదు మరి.

ఆ తర్వాత పడవలు తిరిగాయి. నాగరత్నం, అల్లుడు వచ్చారు. బుల్లెమ్మ చేపల పులుసు పెట్టింది. చేప తలకాయ నాకంటే నాకని ఏడుకొండలూ బావా పీటల మీద కూర్చునే కొట్టుకున్నారు. "ఆపమనవే అమ్మా" అంది నాగరత్నం. బుల్లెమ్మ ఆపలేదు. గరిటె పట్టుకుని, కడుపునిండా వాళ్ళిద్దర్నీ చూస్తూ నిలబడింది.

పడవ రేవుకి, పిల్ల పుట్టింటికి,
కథ కంచికి, కన్ను నిద్దరకి.