దారిలో ఉన్న ఓడ

ఒక అడవిలో ఒక సాలీడు ఒక ఆట అల్లింది. ఆట పేరు ఆకాశం. ఆడతామన్నవాళ్ళ గుమ్మం ముందు, రెండు కొమ్మల మధ్య, ఒక తెర అల్లి ఇచ్చేది. తెర మీద మంచుబొట్లంత నక్షత్రాలు, ఆవగింజలంత గ్రహాలు, వాటి మధ్య దారులు, దారుల్లో ఓడలు. ఎదుటివాడి రాజధాని గ్రహాన్ని పట్టుకున్నవాడు గెలిచినట్టు. ఒకరు తమ తెర మీద వేసిన ఎత్తు ఎదుటివారి తెర మీదా కనిపిస్తుంది. ఒకరు వేశాక రెండోవారు వేయాలి. రెండోవారు వేసేదాకా మొదటివారు నోరు మూసుకుని కూర్చోవాలి.

వాగుకి ఇవతలి ఒడ్డున ఉండే తాబేలు, అవతలి ఒడ్డున ఉండే కొంగ తొమ్మిదేళ్ళుగా ఒకే ఆట ఆడుతున్నాయి. కొంగది దూకుడు. దండుతో దిగి నాలుగు గ్రహాలు దోచుకుని, "ఏం బావా, డిప్పలోంచి తల బయటపెట్టు! ఇల్లు ఖాళీ అయ్యింది చూసుకో!" అని వాగు మీదుగా అరిచేది. "కాళ్ళు పొడుగైతే సరా బావా, బుర్ర ఉండొద్దూ!" అని తాబేలు ఇటునుంచి అరిచేది. ఇలా పొద్దు గడిచిపోయేది.

తాబేలు దగ్గర ఒక రహస్యం ఉంది. ఆట మొదలైన వారంలోనే అది ఒక చిన్న ఓడని ఆకాశం అంచు నుంచి కొంగ రాజధాని వైపు పంపింది. ఆ ఓడ ఎత్తుకి వెంట్రుకవాసి కదులుతుంది. అంత నిదానంగా కదిలేది తెర మీద దుమ్ములా కనిపిస్తుందే తప్ప ఓడలా కనిపించదు. కొంగ తొమ్మిదేళ్ళుగా ఆ దుమ్ముని రోజూ చూస్తూనే ఉంది. ఇప్పుడా ఓడ రాజధాని గడప దాకా వచ్చింది. ఇంకొక్క ఎత్తు వేస్తే లోపలికి దిగుతుంది.

అయితే వంతు కొంగది. కొంగ మూడు నెలలుగా తెర ముందుకే రాలేదు.

దానికి కారణం అభిప్రాయాల బండ. సాలీడు ఆటలో కొత్తగా ఏం తేబోతోందో ముందుగా చిలుక చేత చాటించేది. విన్నవాళ్ళు వాగు మలుపులో ఉన్న ఆ బండ ఎక్కి తమ అభిప్రాయం చెప్పాలి. చిలుక వాటిని మోసుకెళ్ళి సాలీడుకి వినిపించాలి. ఎవరికీ భయం లేకుండా ఉండాలని సాలీడు ఒక నియమం పెట్టింది. బండ మీద నిలబడి అభిప్రాయం చెబుతున్నవాడిని ఎవరూ తినకూడదు.

ఈ నియమం కప్పలకు మహా నచ్చింది. వాటిల్లో ఆట ఆడేవి రెండో మూడో. అయినా అన్నీ పొద్దున్నే బండ ఎక్కేవి. అభిప్రాయం ఉన్నంతసేపు ప్రాణానికి ఢోకా లేదు కాబట్టి, వాటి అభిప్రాయాలు ఎప్పటికీ అయిపోయేవి కావు. కొంగ మొదట్లో ఏదో ఒక కప్ప మాట తడుముకోకపోతుందా, నోట వేసుకోకపోతానా అని ఆశగా వచ్చింది. వచ్చి విన్నది. విన్నాక దానికీ ఒక అభిప్రాయం కలిగింది. అంతే, ఇక ఇంటికి పోతే ఒట్టు.

ఆ ఉదయం చిలుక కొత్త చాటింపు వేసింది. "వచ్చే పున్నమి నుంచి ఆకాశంలో ద్వారాలు వస్తాయహో! ఓడ ఈ ద్వారంలో దూరితే ఆ చివర తేలుతుంది! ఇక దారులతో పని లేదు కనుక దారులన్నీ ఊడ్చేయబడతాయి! దారిలో ఉన్న ఓడలు బయల్దేరిన రేవుకే తిరిగి చేరతాయహో!"

మొదటి వాక్యం అవగానే కప్పలు మొదలుపెట్టాయి కాబట్టి మిగతాది ఎవరికీ వినపడలేదు. ఇవతలి ఒడ్డున తన తెర ముందు ఒంటరిగా కూర్చున్న తాబేలుకి మాత్రం వినపడింది.

తొమ్మిదేళ్ళు వెంట్రుకవాసి చొప్పున నడిచిన ఓడ, గడప దాకా వచ్చి, మళ్ళీ మొదటి రేవుకి పోతుందా? పున్నమికి ఐదు రోజులుంది. ఈలోగా కొంగ ఒక్క ఎత్తు వేస్తే చాలు. తాబేలు లేచి బండకేసి బయల్దేరింది. కూతవేటు దూరం. మధ్యాహ్నానికి చేరింది.

బండ మీద కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. దాని చుట్టూ కప్పలు.

"ద్వారం గుండ్రంగా ఉంటేనే ఆటకి అందం!" అంటోంది ఒక కప్ప.

"గుండ్రమేంటి నీ మొహం! చదరంగా లేకపోతే నేను ఆట మానేస్తా!" అంది ఇంకోటి. అది ఆట ఎప్పుడూ ఆడలేదు.

"నేను పదిహేనేళ్ళ నుంచి ఆడుతున్నా. ఆట ఎప్పుడో చచ్చిపోయింది!" అంది ఒక ముసలి కప్ప. ఆట పుట్టి తొమ్మిదేళ్ళే అయ్యింది.

ఇంకా ఒక్క ద్వారం కూడా అల్లలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. తాబేలు ఎలాగో బండ మొదటి దాకా వెళ్ళి, కింద నుంచే కొంగకేసి తల ఎత్తింది.

"బావా, ఒక్క ఎత్తు వేసి రారాదూ? నీ వంతు వచ్చి మూడు నెలలైంది."

"ఇప్పుడెలా వస్తాను బావా?" అంది కొంగ చిరాగ్గా. "గుండ్రమా చదరమా తేలందే! నేనటు వెళ్తే ఈ చదరంగాళ్ళు నెగ్గేస్తారు."

"ఎంతసేపు బావా, ఎగిరెళ్ళి ఎగిరొస్తావు."

"ద్వారాలు రానీ, వెయ్యి ఎత్తులు వేస్తా. ఆ పాత ఆకాశంలో ఏముంది చెప్పు, దుమ్ము తప్ప!"

ఆ దుమ్ములోనే ఉందిరా నా ఓడ అని తాబేలు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే రహస్యం పోతుంది. చెప్పకపోతే ఓడ పోతుంది. ఏడుపొచ్చినంత పనైంది దానికి. వెనక్కి తిరిగి, సాలీడు ఉండే మర్రిపాలెం గుట్టకేసి నడక సాగించింది. మర్నాటికి చేరింది.

సాలీడు ఒక చిట్టీతపొద కింద వెల్లకిలా పడి ఉంది. కళ్ళు ఎనిమిదీ ఎర్రగా ఉన్నాయి. చిలుక పక్కన కూర్చుని ఆగకుండా వినిపిస్తోంది. "గుండ్రం కావాలి. గుండ్రం వద్దు. గుండ్రమైతే చస్తా. గుండ్రం కాకపోతే చంపుతా. ఓడల తోకలు పచ్చగా ఎందుకు లేవు? ఈ సాలీడుకి అల్లడం ఎవరు నేర్పారు?"

"సాలీడన్నా," అంది తాబేలు, "దారిలో ఉన్న ఓడల్ని ఊడ్చేయకన్నా. నీకు పుణ్యముంటుంది."

సాలీడు లేచి కూర్చుంది. "దారిలో ఓడలా? అలాంటివి ఉన్నాయా ఇంకా? ఎవరూ చెప్పలేదే!"

"ఆడేవాళ్ళకి తెలుస్తుంది."

"ఆడేవాళ్ళు బండ దగ్గరికి రారు. బండ దగ్గరికి వచ్చేవాళ్ళు ఆడరు. నేను ఎవరి మాట విని అల్లాలి?" అని సాలీడు నిట్టూర్చింది. "నీ మాట న్యాయంగానే ఉంది. కానీ చాటుగా వచ్చి చెవిలో చెప్పిన మాట అల్లితే రేపు కప్పలు నా కాళ్ళు విరగ్గొడతాయి. బండ ఎక్కి నలుగురిలో చెప్పు. చెప్పిన పూటే మార్చేస్తా."

తాబేలు దిగులుగా తిరుగుముఖం పట్టింది. బండ ఎక్కి చెబితే కొంగ వింటుంది. వింటే ఆ ఓడ ఎవరిదని అడక్కుండా ఉంటుందా? మరి ఏ ఓడ కోసం నోరు విప్పాలో ఆ ఓడకే నోరు విప్పితే ముప్పు. దారంతా ఆలోచించింది, దానికి ఆలోచించుకునే తీరిక బోలెడు. పట్టుబడ్డ ఓడని మళ్ళీ ఎలాగైనా తప్పించవచ్చు, ఊడ్చేసిన ఓడని ఏం చేయగలం అన్న చోట చివరికి నిలబడింది.

నాలుగో రోజు మధ్యాహ్నం తాబేలు బండ ఎక్కింది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. రెండుసార్లు జారింది. మూడోసారి కప్పలే వెనకనుంచి తోశాయి. కొత్త అభిప్రాయం వస్తోందంటే వాటికి పండగే మరి.

"దారిలో ఉన్న ఓడల్ని దారిలోనే ఉండనివ్వాలి," అంది తాబేలు. "నా అభిప్రాయం అంతే."

బండ దద్దరిల్లింది.

"అన్యాయం! పాతకాపుల మీద పక్షపాతం!"

"నాకూ ఒక ఓడుంది దారిలో! నాది కూడా ఉంచాలి!"

"నీకు తెరే లేదు కదరా!"

"లేకపోతే అభిప్రాయం ఉండకూడదా?"

ఆ గోలలో చిలుక తాబేలు మాట నోట కరుచుకుని గుట్ట వైపు ఎగిరిపోయింది. కొంగ మాత్రం మూడు నెలలుగా మడిచి ఉంచిన రెండో కాలు మెల్లగా కిందికి దించింది.

"బావా," అంది, "ఎవరి ఓడ అది?"

"ఎవరిదైనా బావా. మాట వరసకి."

"నీ ఓడలన్నీ నేనెరుగుదును. దారిలో ఏదీ లేదే!"

తాబేలు సమాధానం చెప్పాలనే అనుకుంది. కానీ దాని జాతికి ఒక పాడు అలవాటుంది. తల దానంతటదే డిప్పలోకి వెళ్ళిపోయింది.

కొంగ రెక్కలు విప్పి, వాగు దాటి, తన తెర ముందు వాలింది. కొంగ వెళ్ళిపోయింది కదా దిగుదామా అని ఒక పిల్ల కప్ప అడిగితే, అభిప్రాయం మధ్యలో ఎలా దిగుతామని పెద్ద కప్పలు దాన్ని కసిరాయి.

తాబేలు ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. అప్పుడే చిలుక నెత్తిమీదుగా ఎగురుతూ చాటింది. "దారులు ఊడ్చబడవహో! దారిలో ఉన్న ఓడలు ఎక్కడివక్కడే ఉంటాయహో!" తాబేలుకి ప్రాణం లేచొచ్చింది. గబగబా, అంటే దానికి చేతనైనంత గబగబా, తెర ముందుకి వెళ్ళింది.

కొంగ ఎత్తు వేసేసింది. కంగారులో, తాబేలు దాచిన ఓడ ఎక్కడుందో వెతకమని ఉన్న దండునంతా ఆకాశం అంచులకి తోలేసింది. రాజధాని కాపలా ఓడలు కూడా పోయాయి. అక్కడ ఈగని తోలేవాడు లేడు. ఆ ఖాళీ రాజధాని గడప ముందు తాబేలు ఓడ, ఒక దుమ్ము రేణువు, నిలబడి ఉంది.

వంతు తాబేలుది. కాలిగోటితో ఒక్కసారి తాకితే ఓడ లోపలికి దిగుతుంది. తొమ్మిదేళ్ళు కలగన్న ఎత్తు ఇదే. తాబేలుకి ఎంత సంతోషం కలిగిందంటే డిప్పలో డప్పు మోగినట్టయింది. గోరు ఎత్తింది.

అవతలి ఒడ్డు నుంచి కొంగ అరుపు వినపడింది. "ఓయ్ దొంగ బావా! తొమ్మిదేళ్ళు నాతో ఆడుతూ ఎక్కడ దాచావయ్యా దాన్ని! వాయవ్యంలోనా? వాయవ్యంలోనే కదూ? నీ డిప్ప మీద ఒట్టు, పట్టుకోకపోతే చూడు!"

ఆ గొంతు విని మూడు నెలలైంది. తాబేలు వాగుకి అటు చూసింది. కొంగ రెండు కాళ్ళ మీద నిలబడి, ముక్కు తెరకి ఆనించి, ఒక్కో నక్షత్రం వెనక వెతుకుతోంది. ఈకలన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి. అటుగా గెంతుతూ వచ్చిన ఒక కప్ప దాని కాళ్ళ మధ్య పడినా అది గమనించలేదు.

ఈ గోరు తాకితే ఆట అయిపోతుంది. అయిపోతే కొంగ ఎక్కడికి పోతుందో తాబేలుకి తెలుసు. ఓడిపోయిన కొంగకి ఉండేటన్ని అభిప్రాయాలు ఏ కప్పకీ ఉండవు. ఇక తాను గెలిచిన ఆకాశం ముందు పొద్దస్తమానం ఒక్కతే కూర్చోవాలి. ఈ మూడు నెలలూ ఎలా గడిచాయో గుర్తొచ్చి తాబేలుకి భయం వేసింది.

అది చాలాసేపు గోరు గాల్లోనే ఉంచింది. తర్వాత ఓడని తాకి, వెంట్రుకవాసి పక్కకి జరిపి, కొంగ రాజధాని చుట్టూ తిరిగే చిన్న చందమామ వెనక పెట్టింది.

"వేశాను బావా!" అని అరిచింది. "నీ వంతు!"

"అప్పుడేనా! ముందు ఇది చెప్పు, ఓడ దగ్గరికొచ్చిందా?"

"ఎక్కడిది బావా," అంది తాబేలు, "ఇంకా చాలా దూరముంది. నువ్వు ఆడు."